కార్నోటారస్ చేతులు

ఇట్లా దగ్గరికి జరగండి, మిట్టేమరి ఊళ్ళో ఒక రాక్షసబల్లికి చేతులు పెరిగిన సంగతి చెబుతాను.

ఎనిమిదో తరగతి మంజుశ్రీ ఆ పొద్దున బాగేపల్లి విజ్ఞాన ప్రదర్శనకు పోవాలి. గెలిస్తే చిక్కబళ్ళాపురం జిల్లా పోటీకి పంపుతారు. రెండేళ్ళు ఓడింది; ఆ బడిలో ఇదే ఆఖరి ఏడు. వారం కూర్చుని మట్టితో కోడిపుంజంత కార్నోటారస్‌ను చేసింది. అది కోట్ల ఏళ్ళ కిందట దక్షిణ అమెరికాలో వేటాడి తిన్న రాక్షసబల్లి. నెత్తిన రెండు కొమ్ములు, నోటినిండా పళ్ళు, చేతులు మాత్రం వేరుశెనగకాయంత. నిజంగానే దాని చేతులు అంతే.

ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పిల్ల నీళ్ళు పోసుకుంటుండగా అవ్వ చౌడమ్మ ఇల్లు చిమ్ముతూ బొమ్మను చూసింది. తన పరక తగిలే చేతులు విరిగాయనుకుంది. అంగం లేని బొమ్మ ఇంట్లో ఉండకూడదు. గబగబా మట్టి పిసికి, ఉన్న చేతుల మీదే బెండకాయంత చేతులు తొడిగి, ఏమీ ఎరగనట్టు పొయ్యి దగ్గర కూర్చుంది.

తర్వాత తండ్రి చంద్రు బొమ్మను టమాటా క్రేటులో పెట్టాడు. అంత కాళ్ళకు ఇంత పొట్టి చేతులా? పెట్టేటప్పుడు తానే విరగ్గొట్టాననుకున్నాడు.

"అమ్మా, మట్టి యాడుండాది?"

"ఎందుకప్పా?"

"ఊరికే."

"ఊరికే మట్టి అడిగే వయసా నీది?" అంది గానీ, చౌడమ్మ ఇంకేమీ అడగకుండా చోటు చూపింది.

చంద్రు వాటి మీద మునగకాయ ముక్కంత చేతులు పెట్టి, తువాలు కప్పి, కూతుర్ని బైకు ఎక్కించుకున్నాడు. ఆలస్యంగా చేరారు. బొమ్మను బల్ల మీద పెట్టి మంజుశ్రీ తువాలు తీసింది.

"నాయనా, దీనికి చేతులెవరు పెట్టిరి?"

"విరిగింటే సరిచేస్తిని లేమ్మా."

"దాని చేతులే అంత నాయనా. ఇప్పుడిది కోతి మాదిరుండాది."

పీకేయబోతుండగా తీర్పు చెప్పే పురుషోత్తమ్ మేష్ట్రు వచ్చి నిలబడ్డారు. ఆరిన మట్టికి పచ్చి మట్టి పట్టదు. దారి గతుకులకు ఉన్న పట్టూ వదిలింది. మునగకాయలు రాలాయి. కాసేపటికి బెండకాయలూ రాలాయి. వేరుశెనగకాయలు మిగిలాయి.

మేష్ట్రు కళ్ళజోడు సర్దుకున్నారు. "తరతరాలకూ చేతులెట్లా చిన్నవైపోయినాయో చూపిస్తాండావా?"

మంజుశ్రీ తండ్రిని చూసింది. అతను గోడను చూస్తున్నాడు.

"దీని పూర్వీకుల చేతులు పొడుగే సార్," అంది. అంతవరకు నిజమే.

మొదటి బహుమతి ఇచ్చి మేష్ట్రు అన్నారు: "చిక్కబళ్ళాపురంలోనూ ఇట్లే రాలాల."

ఇప్పుడు తండ్రీ కూతురూ చేతులు సరిగ్గా ఊడిపడేలా అతికించడం సాధన చేస్తున్నారు. మధ్యలోని బెండకాయల జత ఎవరు పెట్టారో ఇద్దరికీ అంతుపట్టలేదు. గుర్తుంచుకుని నలుగురికీ చెప్పండి, మిట్టేమరిలో మాత్రం వద్దు.