కదిలితేనే దీపం

ఆ శనివారం పొద్దున లెక్కల మాస్టారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. చదువుల హాల్లో పాత ట్యూబులైట్లు తీసేసి తక్కువ కరెంటు తాగే దీపాలు బిగించాలి. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ అంటించాలి. కిటికీ సందులు పూడ్చాలి. సాయంత్రం ట్రస్టు ఛైర్మన్ వచ్చేసరికి చేతులు కడుక్కుని నిలబడాలి. చిన్న ప్రణాళికలంటే మాస్టారికి భయం. పెద్ద పనిలో ఏదో ఒకటి తప్పుతుందని అందరూ ముందే ఒప్పుకుంటారు. చిన్న పని చెడితే మాత్రం చెడగొట్టిన మనిషినే వేలెత్తి చూపిస్తారు.

హాలు ఒక పాత మేడ మొదటి అంతస్తులో ఉంది. ఇంట్లో చదువుకునే చోటు లేనివాళ్ళు అక్కడ ఉచితంగా కూర్చుని ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటారు. మాస్టారి మేనకోడలు వాళ్ళలో ఒకతె. ఆమె ఇల్లు ఒకటే గది. అందులో తల్లి కుట్టుమిషను, తండ్రి దగ్గు, తమ్ముడి టీవీ. వచ్చే వారం ఆమె పరీక్ష, వయసు పరిమితి లెక్కన అదే ఆఖరి అవకాశం. ఇంతలో హాలు నడిపే ట్రస్టు నుంచి కబురు వచ్చింది. హాలుకి అంత కరెంటు తగలేయడంలో అర్థం కనిపించడం లేదనీ, ఛైర్మన్ శనివారం స్వయంగా చూసి, అవసరమైతే ఆ సాయంత్రమే తాళం వేస్తారనీ. "ఏం కాదులే, మావయ్య చూసుకుంటాడు" అని మేనకోడలు తోటివాళ్ళతో అనడం మాస్టారు విన్నాడు. అప్పటి నుంచి ఆయనకి అన్నం సయించడం లేదు.

సెలవు రోజుల్లో పేద సంస్థల భవనాలకి ఉచితంగా ఇలాంటి మరమ్మతులు చేసే బృందం ఒకటి ఉంది. దాన్ని నడిపేది ఒక బ్యాంకు ఆవిడ. అందులో అందరికంటే హుషారైనవాడు మాస్టారు. మనిషి లేనిచోట దీపం వెలుగుతుంటే ఆయన ఛాతీలో దురద పుడుతుంది. భార్య మంచినీళ్ళకని లేచి వెళ్ళి వచ్చేలోగా ఆవిడ గది చీకటైపోతుంది. పెళ్ళైన కొత్తలోనే ఆవిడ తడుముకుని నడవడం నేర్చుకుంది. అది పొదుపు కాదనీ, ఒట్టి భయమనీ ఆయనకి లోలోపల తెలుసు. భయానికి ఏదో ఒక పని చెప్పకపోతే అది మనకి పని చెబుతుంది.

హాలు ఎత్తైన కప్పుకి కదలికను పసిగట్టే పరికరం పెట్టాలన్నది ఆ భయం ఇచ్చిన సలహాయే. మనిషి కదిలితే దీపాలు వెలుగుతాయి, కదలిక ఆగితే కాసేపటికి ఆరిపోతాయి. ఆ కాసేపు ఎంతన్నది తిప్పి పెట్టుకోవడానికి చిన్న మీట ఉంటుంది. మధ్యలో ఉంచమంది బ్యాంకు ఆవిడ. ఆవిడ అటు తిరగ్గానే మాస్టారు దాన్ని తక్కువ వైపుకి చివరికంటా తిప్పేశాడు. అప్పటికీ మనసు ఊరుకోలేదు. ఎవరైనా దీపం వేసి మర్చిపోతారేమోనని గోడ మీది స్విచ్చులు పీకించి, ఆ చోట రేకు బిళ్ళలు బిగించాడు. తలుపుకి ఒక పట్టీ చాలన్నా వినకుండా రెండు వేసి, బంక దట్టంగా పట్టించాడు. కిటికీలనైతే ఇక ఈ జన్మకి తెరిచే పని లేదన్నట్టు పూడ్చాడు. మధ్యాహ్నానికి పని ముగిసింది. బ్యాంకు ఆవిడ మాస్టారిని ఛైర్మన్ కోసం ఉంచి, నిచ్చెనతో సహా మిగతా అందరినీ వెంటేసుకుని ఊరి ఆ చివరనున్న పిల్లల సంరక్షణ కేంద్రానికి వెళ్ళిపోయింది.

చదువుకునేవాళ్ళు వచ్చారు. ఎదుట ఎత్తైన భవనం, కిటికీలకి గరుకు అద్దాలు కావడంతో అక్కడ పట్టపగలైనా దీపం ఉండాల్సిందే. ఎవరో రోడ్డు చప్పుడు రాకుండా తలుపు గట్టిగా మూశారు. వారంలో పరీక్ష ఉన్నవాళ్ళు ఎలా కూర్చుంటారో అలా, కొయ్యబొమ్మల్లా కూర్చున్నారు.

దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

ఎవరో ఉలిక్కిపడ్డారు. ఆ ఉలికిపాటుకి వెలిగాయి. మళ్ళీ చదువులో పడ్డారు, మళ్ళీ ఆరాయి. మాస్టారు తలెత్తి కప్పు వంక చూశాడు. ఊరు మొత్తమ్మీద ఇంత కదలకుండా కూర్చునే జనం మరెక్కడా దొరకరు. ఏరికోరి వాళ్ళ నెత్తినే తను ఆ పరికరం పెట్టాడు.

బ్యాంకు ఆవిడకి ఫోను చేశాడు.

"మీట మధ్యలోనే ఉందిగా మాస్టారూ?"

"మధ్యలోనే. కొంచెం అటుగా."

"ఎటుగా?"

మాస్టారు ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. "నిచ్చెన కావాలండీ" అన్నాడు. నిచ్చెన మీద ఇప్పుడు మనిషి ఉన్నాడనీ, అతన్ని దించి తెస్తాననీ ఆవిడ చెప్పింది. ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే మాస్టారికి కాస్త తేలిగ్గా ఉండేది.

నిచ్చెన వచ్చేదాకా ఏదో ఒకటి చేయాలి. బల్లకి ఒకరు చొప్పున వంతులు వేసుకుని చేతులు ఊపాలనీ, మిగతావాళ్ళు నిశ్చింతగా చదువుకోవచ్చనీ మాస్టారు ఏర్పాటు చేశాడు. పక్కవాడు చేతులు ఊపుతుంటే నిశ్చింతగా చదివే మనిషి ఇంకా పుట్టలేదు. చూసీ చూసీ మేనకోడలు లేచి వచ్చింది.

"మావయ్యా, ఛైర్మన్ గారు వచ్చి ఇది చూస్తే ఏమనుకుంటారు?"

"కొంచెం ఓర్చుకో తల్లీ" అన్నాడు మాస్టారు. ఆ ప్రశ్న తనకి ముందే ఎందుకు తట్టలేదా అన్న ఆలోచన ఆయన్ని పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

రోడ్డుకి అవతల సెలూను ఉంది. గెడ్డం గీస్తున్న మంగలి తన అద్దంలో ఎదుటి మేడ కిటికీలు చూశాడు. దీపాలు వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి. గరుకు అద్దాల వెనక నీడలు చేతులు ఊపుతున్నాయి. సబ్బు నురగతో ఉన్న మనిషిని వదిలేసి రోడ్డు మీదికి పరిగెత్తి, ఏమైందని కింద నుంచి అరిచాడు.

జవాబు చెబుదామంటే కిటికీ తెరుచుకోదు. మాస్టారు బల్ల ఎక్కి, పైన ఉన్న మామూలు అద్దంలోంచి ఏమీ లేదు, ఏమీ లేదు అని రెండు చేతులూ ఊపాడు. ఏమీ లేదు అనడానికీ, చచ్చిపోతున్నాం అనడానికీ చేతులు ఒకేలా ఊగుతాయని ఆయనకి అంతకుముందు తెలియదు. మంగలి జేబులోంచి ఫోను తీశాడు.

కిందికి వెళ్ళి నచ్చజెబుదామని మాస్టారు తలుపు లాగాడు. రాలేదు. బంక ఆరి, రెండు పట్టీలూ తలుపునీ గుమ్మాన్నీ ఒక్కటి చేశాయి. ఇంకాస్త బలంగా లాగితే పిడి చేతికొచ్చింది. ఇద్దరు కుర్రాళ్ళు తలుపుని భుజాలతో గుద్దారు, లోపలికి తెరుచుకునే తలుపని గుర్తులేక. ఆ చప్పుడుకి కింద జనం పోగయ్యారు.

"తాళం వెయ్యడానికి ఆయనొస్తారన్నావు" అంది మేనకోడలు నెమ్మదిగా. "ఆయనకెందుకులే శ్రమ అని మనమే వేసేసుకున్నాం."

ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో మాస్టారికి తెలియలేదు. అప్పుడే దీపాలు ఆరిపోయాయి.

చీకట్లో ఫైరింజను గంట వినిపించింది. మెట్ల మీద బూట్ల చప్పుడు. గొడ్డలి దెబ్బలకి తలుపు ముందు చీలి, తర్వాత పలకలు పలకలుగా ఊడి, చివరికి చట్రంతో సహా నేల మీద పడింది. పట్టీలు మాత్రం చెక్కుచెదరలేదు. అగ్నిమాపక సిబ్బంది వెనకాలే ఛైర్మన్ లోపలికి వచ్చాడు. ఆయన చేతిలో కొత్త తాళం ఉంది.

ఆయన్ని చూసి అందరూ బిగుసుకుపోయారు. దాంతో మళ్ళీ చీకటి.

"ఇంతమంది రోజూ వస్తారా?" అని ఛైర్మన్ గొంతు అడిగింది.

"రోజూ వస్తాం సార్" అని మేనకోడలు చెయ్యి ఎత్తింది. దీపాలు వెలిగాయి.

ఛైర్మన్ బల్లలనీ, పుస్తకాలనీ, మొహాలనీ ఒక్కొక్కటిగా చూశాడు. "నాకు మోకాళ్ళ నొప్పులు. ఎప్పుడొచ్చినా రోడ్డు మీద నుంచే చూసి వెళ్ళిపోతాను" అన్నాడు. "అద్దాల వెనక ఏవో ఆకారాలు ఉండేవి. ఏ ఒక్కటీ కదిలేది కాదు. బీరువాలనుకున్నాను. బీరువాలకి దీపాలెందుకని..."

"మా పరికరం కూడా అలాగే అనుకుంటోంది సార్" అన్నాడు మాస్టారు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఛైర్మన్ కప్పు వంక చూశాడు. ఆయన మొహంలోకి వచ్చింది కోపమో, బంధుత్వమో మాస్టారు పోల్చుకోలేకపోయాడు. ఛైర్మన్ తాళాన్ని కోటు జేబులో వేసుకుని, మేనకోడలితో, "చదువుకోమ్మా, నువ్వు చదువుకో" అన్నాడు. రాత్రిళ్ళు కూడా హాలు తెరిచే ఉంచమని చెప్పి మెల్లిగా మెట్లు దిగాడు.

బ్యాంకు ఆవిడ నిచ్చెనతో వచ్చి, పైకెక్కి, మీట ఎక్కడుందో చూసింది. మాస్టారి వంక చూసింది. మీటని మధ్యలోకి తిప్పి దిగింది. ఆ చూపు మాస్టారి వెంట ఇంటిదాకా నడిచింది.

ట్రస్టులో మరో ఇద్దరు సభ్యులు మాత్రం హాలు మూసెయ్యాల్సిందేనని ఇప్పటికీ పట్టుబడుతున్నారు. మూసెయ్యాలంటే దానికి ముందు ఒక తలుపు పెట్టించాలి.