తవ్వని సొరంగంలో నీటి ఊట

గల్ఫ్ దేశంలో, షర్క్ అనే పేటలోని ఓ అద్దాల మేడలో భూగర్భ మెట్రో నిర్వహణ దిగ్విజయంగా సాగుతోందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మెట్రో ఇంకా తవ్వలేదు. అది చిన్న విషయం. తవ్వబోయే స్టేషన్లు, పట్టాలు, బల్బులు, ఆఖరికి మేకులతో సహా కంప్యూటర్లో బొమ్మగా సిద్ధమైపోయాయి. దాన్ని బిమ్ అంటారు. కట్టాక దేన్ని ఎప్పుడు బాగుచేయాలో ఆ బొమ్మే చెబుతుందట. కట్టడం ఆలస్యమైందని బాగుచేయడం ఆపుకుంటారా ఎవరైనా?

అందుకే రాయచోటి పక్క పల్లె నుంచి అరుణజ్యోతిని రప్పించారు. ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, ప్రకారం ఆమె స్టేషన్లు శుభ్రం చేసే మనిషి. పొద్దున్నే చేతికి ట్యాబ్ ఇస్తారు. బొమ్మ ప్రయాణికులు తొక్కిపోయిన ప్లాట్‌ఫారాలు అందులో ఎర్రగా కనబడతాయి. వేలితో రుద్దితే పచ్చబడతాయి. ఒక్క మూల ఎర్రగా మిగిలినా సంజాయిషీ చెప్పుకోవాలి. ఆఫీసు స్నానాలగదిలో కుళాయి మాత్రం నిజంగానే కారుతుంది. అది బొమ్మలో లేదు గనక కారనట్టే లెక్క.

అరుణజ్యోతి దిగులు వేరే. కొడుక్కి మూడో ఏడు నడుస్తోంది. ఈ నెల దాటితే పుట్టువెంట్రుకలకి ఐదో ఏడు దాకా ఆగాల్సిందే. కత్తెర చూస్తేనే జడుసుకునే పిల్లోడు, తల్లి లేకుండా మంగలి ముందు కుదురుగా కూర్చుంటాడా? తల విదిలిస్తే? గాటు పడితే? ఎలాగో బతిమాలితే సెలవిచ్చారు. పెట్టె కూడా సర్దుకుంది. సరిగ్గా ప్రయాణం ముందురోజు సొరంగంలో నీళ్లు ఊరాయి.

అంటే, బొమ్మలో. తెర మీద ఓ నీలం మరక.

పెద్ద మేనేజరు అందర్నీ నిలబెట్టి గంభీరంగా ప్రసంగించాడు. "ఉన్నదాన్ని ఎవడైనా కాపాడతాడు. లేనిది పాడైపోకుండా చూడటమే మన సంస్థ ఘనత! మరక పోయేదాకా సెలవులు ఖలాస్!" చప్పట్లు మోగాయి. అలవాటు కొద్దీ అరుణజ్యోతి కూడా కొట్టింది.

తర్వాత సూపర్‌వైజర్ దొరబాబు దగ్గరికి పరిగెత్తింది. ఆయనది అమలాపురం.

"అన్నా, లేని సొరంగంలోకి నీళ్లు యాడ్నించి వచ్చినాయన్నా?"

"ఆయ్, లేని జనం తొక్కిందాన్ని ఇన్నాళ్లూ తుడిచావు కదమ్మా. అప్పుడు అడగలేదే?"

"పోనీ, ఆ మరక నువ్వే చెరిపెయ్యి. నీకు పుణ్యముంటాది."

"అమ్మమ్మా! అది ప్లంబరు పనండీ బాబూ. ఆ ప్లంబరుకింకా వీసాయే రాలేదు."

విమానం వెళ్లిపోయింది. ఊళ్లో ముహూర్తం ఆగలేదు.

గంగమ్మ గుడి ముందు అత్త సంజీవమ్మ ఫోనుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, పీట మీద ఆనించింది. అందులో అరుణజ్యోతి. మేనమామ సుధాకర్ ఒళ్లో పిల్లోడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. "అమ్మ ఈడనే ఉండా నాయనా, కదలొద్దు!" అని ఆమె ఇక్కడ గొంతు చించుకుంటోంది. అక్కడ డప్పుల మోత. చుట్టాలు ఫోను మీద కూడా నాలుగు అక్షింతలు వేసి, అచ్చం పక్కన కూర్చున్నట్టే ఉందని మురిసిపోయారు. ఎప్పుడొస్తావని మాత్రం ఎవరికీ అడగాలని తోచలేదు.

గుండు చేయడం అయ్యాక సంజీవమ్మ ఫోను దగ్గరికి వంగి, కోడలితో ప్రేమగా చెప్పింది:

"బాగా జరిగింది మే జ్యోతీ. ఈతూరి ఇంకా పెద్ద తెరుండే ఫోను పంపియ్. ఇంక నువ్వు వచ్చే పనే ఉండదు."