కింద పడ్డ రూపాయి

ఆ రోజు పని అరగంటది. పొద్దున పది గంటలకు గోదావరి రోడ్డు మీది వృద్ధాశ్రమానికి పోవాలి, అక్కడి డాక్టరుకు చూపించుకోవాలి, కాగితం రాయించుకోవాలి, పన్నెండింటికల్లా ఇంటికి వచ్చి అన్నం తినాలి. సోమవారం నాడు పెట్టె పట్టుకొని పోయి చేరాలి. అంతే. ఇస్తారి చీకటితోనే లేచి గడ్డం గీసుకొని, ఇస్త్రీ అంగీ వేసుకొని, చెప్పులు తుడిచి వాకిట్లో పెట్టుకొని కూర్చున్నాడు. మంథని బస్సుకు పోతూ పోతూ కోడలు శ్యామల ఆయన్ను చూసి, డెబ్బై నాలుగేళ్లకు పెళ్లిచూపులకు పోతున్నట్టుందని అంది. ఆమె మూతి మూడు రోజుల నుంచి ముడుచుకొనే ఉంది.

"మా వంట సరిపోతలేదా, మామా?"

ఇస్తారి తల అడ్డంగా ఊపాడు. ఆయనకు అది పెద్ద మాటే.

ఆశ్రమానికి పోతానన్నది ఆయనే. పొమ్మన్నవాళ్లు ఎవరూ లేరు. కొడుకు అంజికి మంచిర్యాలలో కలెక్టరు ఆఫీసు ముందర జిరాక్స్ దుకాణం. శ్యామల మంథని దగ్గర బడిలో పంతులమ్మ. ఇద్దరూ పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు వస్తారు. ఇల్లేమో మూడో అంతస్తు. ముప్పై ఆరేళ్లు బొగ్గుబాయిలో పదిమంది నడుమ పని చేసిన మనిషికి గోడల నడుమ కూర్చోవడం చేతకాలేదు. ఇస్తారి మాట్లాడడు గాని, మాట్లాడే వాళ్లు పక్కన ఉండాలి.

అట్లా మాట్లాడే మనిషి లచ్చయ్య. ఒకే షిఫ్టులో ఇద్దరూ బొగ్గు నింపారు. లచ్చయ్య నిరుడు ఆ ఆశ్రమంలో చేరాడు. ఇప్పుడు ఆయనకు నాలుగు మంచాల కొత్త గది ఇచ్చారట, మూడు మంచాలు ఖాళీ అట. "పత్తాల కట్ట నా దగ్గర ఉన్నది, ఆడెటందుకు మనుషులు లేరు. గోడకు పంచి ఆడుతున్న. సోమారం దాంకనే ఆపుతరట, జల్ది రా," అని ఫోన్ చేశాడు.

అంజి రెండు నెలలు ఒప్పుకోలేదు. నలుగురిలో మొహం ఎట్లా చూపించాలన్నాడు. ఇస్తారి రోజూ పొద్దున కొడుకు చాయ్ గ్లాసు పక్కన ఆశ్రమం ఫారం పెట్టాడు, అంతే. అరవై చాయ్‌ల తర్వాత అంజి పెన్ను తీశాడు. తండ్రి పింఛను ఫీజులో సగానికి కూడా చాలదు, మిగతాది తాను కడతానన్నాడు. ఫికర్ చేయవద్దన్నాడు. ఆ ఒక్క మాటే ఇస్తారి వినలేదు.

ఆశ్రమంలో ఆఫీసు అమ్మాయి ఆధార్ జిరాక్సులు రెండు అడిగింది. జిల్లాలో సగం మంది ఆధార్‌కు జిరాక్స్ తీసిన అంజి, తండ్రిది తీసుకురావడం మరచిపోయాడు. తండ్రిని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, ఇంకొకడి దుకాణంలో పైసలిచ్చి జిరాక్స్ తీయించుకోవడానికి పోయాడు.

బెంచీ మీద అప్పటికే ఇద్దరున్నారు. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన అంబదాస్, తెల్ల గడ్డం మునీర్. ఇద్దరూ వేరే వేరే బాయిల్లో పని చేసి రిటైరైన వాళ్లే. ఎదురుగా తలుపుకు పచ్చ పరదా. పరదా సందులోంచి బల్ల, బల్ల మీద ఫైళ్లు, ముందర ఒక స్టూలు కనిపిస్తున్నాయి. ముగ్గురూ ఆ స్టూలు వైపు చూశారు. ముగ్గురికీ పాత మెడికల్ బోర్డు గుర్తుకొచ్చింది.

బొగ్గు ఊళ్లలో పుట్టిన వాళ్లకు ఇది చెప్పక్కరలేదు. తండ్రి ఇక బాయి పనికి పనికిరాడని మెడికల్ బోర్డు రాస్తే ఆ నౌకరి కొడుక్కు వచ్చేది. అన్‌ఫిట్ అన్న ఒక్క మాట కోసం ఆరోగ్యంగా ఉన్న మనుషులు దేవుళ్లకు మొక్కుకునేవాళ్లు. ఇరవై ఆరేళ్ల కింద ఇస్తారి మూడు నెలలు సాధన చేశాడు. దగ్గు ఎక్కడి నుంచి తేవాలి, దాని చివర మూలుగు ఎంత పెట్టాలి, చెయ్యి ఎంత వణకాలి, ఇదంతా లచ్చయ్య నేర్పాడు. లచ్చయ్య అప్పటికే అన్‌ఫిట్ అయి కొడుకును నౌకరిలో పెట్టిన మొనగాడు. బోర్డు ముందు ఇస్తారి అన్నీ సరిగ్గానే చేశాడు. నడుము పట్టేసింది, వంగలేనన్నాడు. డాక్టరు రాయబోతూ రుమాలు తీశాడు. రుమాలుతో పాటు రూపాయి బిళ్ల వచ్చి కింద పడింది. ఇస్తారి టక్కున వంగి తీశాడు. తీసి, కంగారులో తన జేబులోనే వేసుకున్నాడు.

డాక్టరు రూపాయి అడగలేదు. కాగితం మీద ఫిట్ అని రాశాడు.

ఇస్తారి ఇంకో పన్నెండేళ్లు బాయిలోకి దిగాడు. ఇరవై ఏళ్ల అంజి జిరాక్స్ మిషను ముందు నిలబడ్డాడు. ఆ సంగతి తండ్రీ కొడుకులు ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆ రూపాయి మాత్రం ఇస్తారి లోపల ఇంకా అరగలేదు.

"ఫిట్ రాస్తే ఫీజు కొడుకులు కట్టాలె. అన్‌ఫిట్ రాస్తే సర్కారు కడుతది, భావూ," అన్నాడు అంబదాస్, పక్కకు వంగి.

ఎవరు చెప్పారని మునీర్ అడిగాడు. ఒకరు చెప్పాలా అన్నాడు అంబదాస్. బల్ల ఉంది, ఫైలు ఉంది, పచ్చ పరదా ఉంది, లోపల డాక్టరు ఉంది, ఇంకేం కావాలి అన్నాడు. మునీర్ కాసేపు ఆలోచించాడు. గడ్డం సవరించుకున్నాడు. మెల్లగా దగ్గడం మొదలుపెట్టాడు.

లోపలున్న డాక్టరు పేరు నౌషీన్. కరీంనగర్ పిల్ల. చదువు ముగించి ఆశ్రమంలో చేరి ఆ రోజుకు నాలుగో రోజు. మొదట మునీర్ వచ్చి దగ్గి పోయాడు. తర్వాత అంబదాస్ వచ్చి, అదే దగ్గు దగ్గి, రెండు చేతులూ వణికించి పోయాడు. మూడోవాడు ఇస్తారి. ఆయన దగ్గాడు, వణికాడు, పేరు అడిగితే వినపడనట్టు కిటికీ వైపు చూశాడు. ఆ తత్తరపాటులో నౌషీన్ చేతి పెన్ను జారి సరిగ్గా ఇస్తారి పాదాల దగ్గర పడింది.

ఇస్తారి పెన్నును చూశాడు. ఒంట్లోని ఎముకలన్నీ వంగమన్నాయి. ఆయన వంగలేదు. చెమట పట్టింది, పళ్లు బిగపట్టాడు, వంగలేదు. చివరికి డాక్టరే లేచి వచ్చి పెన్ను తీసుకుంది. ఇస్తారి ఛాతీ రెండు అంగుళాలు పొంగింది. అంజి ఇక్కడుండి చూస్తే బాగుండేదనుకున్నాడు.

నౌషీన్ మాత్రం భయపడిపోయింది. ముగ్గురు ముసలివాళ్లు, ముగ్గురిదీ బొగ్గు ప్రాంతమే, ముగ్గురికీ ఒకే దగ్గు, దగ్గు చివర ఒకే మూలుగు. ఆ దగ్గు బొగ్గు ఊళ్లలో ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్న విద్య అని ఆమెకు ఎవరు చెప్తారు? ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదే అనుకుంది. అందులో తప్పు లేదు కూడా. కరీంనగర్‌లో పెద్ద డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన గేటు మూయమన్నాడు, ముగ్గురినీ వేరే గదిలో పెట్టమన్నాడు, పరీక్షలకు పంపమన్నాడు. అంతలో లచ్చయ్య వచ్చి ఇస్తారిని గట్టిగా వాటేసుకున్నాడు. దాంతో నలుగురయ్యారు. నలుగురి ముక్కుల్లోనూ పుల్ల పెట్టి తిప్పి, వెనకవైపు ఇంకో నాలుగు మంచాల గదిలోకి పంపి గొళ్లెం పెట్టారు.

జిరాక్సులు పట్టుకొని అంజి వచ్చేసరికి గేటుకు తాళం. వాచ్‌మన్ ముక్కుకు తువ్వాల కట్టుకొని నిలబడ్డాడు. లోపల ఏదో రోగం దిగిందనీ ముగ్గురు పడిపోయారనీ చెప్పాడు.

"మా బాపు పొద్దుగాల ఆరు ఇడ్లీలు తిన్నడు," అన్నాడు అంజి.

"అందరు గట్లనే అంటరు," అన్నాడు వాచ్‌మన్.

అంజి శ్యామలకు ఫోన్ చేశాడు. ఆమె పిల్లల్ని పక్క తరగతి పంతులమ్మకు అప్పజెప్పి బస్సెక్కింది. బస్సులోంచి ఆడబిడ్డలకు ఫోన్లు చేసింది. మునీర్ బిడ్డ షకీలా వచ్చింది, అంబదాస్ కొడుకులు వచ్చారు. ఇస్తారిని ఆశ్రమంలో ఆపి గేటు మూశారన్న మాట బొగ్గుబాయి కాలనీ చేరేసరికి, బాయి కార్మికులను లోపలికి రానియ్యలేదట అని మారిపోయింది. పాత యూనియన్ లీడరు విజయేందర్ పది మందిని వేసుకొని జెండాతో ఆటో దిగాడు. మూడు గంటల వేళకు గేటుకు ఎడమ పక్క చుట్టాలు కూర్చొని మా వాళ్లను బయటికి పంపాలన్నారు. కుడి పక్క విజయేందర్ మనుషులు కూర్చొని మా వాళ్లను లోపలికి తీసుకోవాలన్నారు. వాచ్‌మన్ ఇద్దరికీ తలూపాడు. మిర్చి బజ్జీల బండి వచ్చి నడుమ నిలబడింది. రెండు పక్కల వాళ్లూ అక్కడ ఒక్కటై తిన్నారు.

వెనక గదిలో మాత్రం ఇస్తారికి అంత మంచి మధ్యాహ్నం ఈ మధ్య దొరకలేదు. లచ్చయ్య బనీను జేబులోంచి పత్తాలు తీశాడు. వణుకు తగ్గిన వాళ్లు కలపాలన్నాడు మునీర్. మూడు ఆటలైనాక లచ్చయ్య నవ్వుతూ, అసలు ఈ గదిలోకి ఎట్లా వచ్చి పడ్డారని అడిగాడు. అంబదాస్ మీసం దువ్వి అన్‌ఫిట్ సంగతి చెప్పాడు. లచ్చయ్య చేతిలో పత్తాలు చేతిలోనే ఉండిపోయాయి.

"అరే, ఎవడు చెప్పిండురా మీకు? ఎవలి పని వాళ్లు చేసుకునేటోళ్లకే నా గది. చేతకాదని రాస్తే పక్క బిల్డింగు. ఆడ ఆయా వచ్చి జావ తాగిపిస్తది, ఆరింటికి తలుపు పెడుతది, పత్తాలు బంద్. ఫీజు డబుల్, అది గూడ మీ కొడుకులే కట్టాలె."

గదిలో చాలాసేపు ఎవరూ దగ్గలేదు. మునీర్ అంబదాస్ వైపు చూశాడు. అంబదాస్ కప్పు వైపు చూశాడు. ఇస్తారి నేల వైపు చూశాడు. ఒకసారి వంగి కొడుకు నౌకరి పోగొట్టాడు. ఈసారి వంగక కొడుకు నెత్తిన డబుల్ ఫీజు పెట్టాడు.

నాలుగింటికి నౌషీన్ మాస్కుతో గొళ్లెం తీసింది. ముగ్గురూ బడిపిల్లల్లా నిటారుగా నిలబడ్డారు. మునీర్ గుంజీలు తీయబోయాడు. ఉదయం అట్లా, ఇప్పుడిట్లా అంటే ఈ రోగం వచ్చి పోతూ ఉంటుందేమోనని ఆమె ఇంకా బెదిరింది. రాత్రికి కూడా ఇక్కడే ఉంచుతామంది. అప్పుడు ఇస్తారి ఒక అడుగు ముందుకు వేశాడు.

"మాకు ఏ రోగం లేదు, బిడ్డా. మేమే తెచ్చుకున్నం," అన్నాడు.

చెప్పాడు. బోర్డు, మూడు నెలల దగ్గు, రుమాలు, రూపాయి, ఇవాళ్టి పెన్ను, అన్నీ చెప్పాడు. ఆయన బతుకులో అంతసేపు మాట్లాడింది అదే మొదలు. నడుమ రెండుసార్లు లచ్చయ్య నీళ్లు ఇచ్చాడు. "గా రూపాయి నేను ఎత్తకుంటె మావోనికి నౌకరి వచ్చు. జిరాక్స్ మిషను కాడ వాని కాళ్లు వాసుడు చూస్తుంటే నాకు బువ్వ పోకపోవు. గీ ఫీజన్న తప్పిద్దామనుకున్న," అన్నాడు.

నౌషీన్ బ్యాగులో చాలాసేపు వెతికి ఒక రూపాయి బిళ్ల తీసి గచ్చు మీద వేసింది. అది దొర్లి మంచం కోడు దగ్గర ఆగింది. ఇస్తారి వంగాడు. చెయ్యి పెట్టకుండా, మోకాలు ఆనించకుండా, ఇరవై ఆరేళ్ల కింద వంగినట్టే వంగి తీశాడు. తల ఎత్తేసరికి కిటికీ ఊచల అవతల అంజి నిలబడి ఉన్నాడు. ప్రహరీ దూకి వచ్చినట్టున్నాడు, మోచేయి గీసుకుపోయింది. చేతిలో జిరాక్సులు అట్లాగే ఉన్నాయి. ఎప్పటి నుంచి వింటున్నాడో తెలియదు.

"నీ నౌకరి నేనే పోగొట్టిన, బిడ్డా," అన్నాడు ఇస్తారి.

"బాపు, ఆ దినం బోర్డు బయట చింతచెట్టు కింద నేను మొక్కుకుంట కూసున్న. నువ్వు ఫిట్ కావాలెనని," అన్నాడు అంజి. "నాకు బాయి అంటే భయం. చీకట్లకు దిగుడు నాతోని కాకపోవు. నువ్వు బయటికొచ్చి ఫిట్ అన్నవు చూడు, గప్పుడు నాకు పానం వచ్చింది."

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివి."

"నువ్వు అడిగితివా?"

ఇస్తారి ఊచల మీద చెయ్యి వేశాడు. అంజి ఆ చేతిని జిరాక్సులతో సహా పట్టుకున్నాడు. లచ్చయ్య అటు తిరిగి పత్తాలు కలపసాగాడు. కలిపిన పత్తాలే మళ్లీ కలిపాడు.

నౌషీన్ మునీర్‌తోనూ అంబదాస్‌తోనూ కూడా అదే రూపాయి ఎత్తించింది. ఇద్దరూ ఎత్తి మళ్లీ ఇస్తారి చేతిలోనే పెట్టారు. ముగ్గురికీ ఫిట్ అని రాసింది. పరీక్ష దేనితో చేశావని పెద్ద డాక్టరు ఫోన్‌లో అడిగితే, తర్వాత చెప్తానని పెట్టేసింది. అయిదు గంటలకు గేటు తెరిచారు. ముసలివాళ్లు బయటికి వచ్చారని చుట్టాలు తామే గెలిచామన్నారు. సోమవారం లోపలికి తీసుకుంటున్నారని విజయేందర్ మనుషులు తామే గెలిచామన్నారు. ఇస్తారి మెడలో రెండు దండలు పడ్డాయి. శ్యామల మామ నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం లేదని నిమ్మళపడింది, ఆ వెంటనే తిట్టడం మొదలుపెట్టింది. ఆదివారాలు ఇంట్లోనే తినాలని, లేకపోతే పెట్టె సర్దనని గేటు దగ్గరే ఒట్టు వేయించుకుంది. ఇస్తారి తలూపాడు.

ఆటో ఎక్కబోతుంటే వెనక నుంచి నౌషీన్ పరుగున వచ్చింది. ఏమైందోనని అందరూ మళ్లీ గాబరాపడ్డారు. ఆమె చెయ్యి చాపింది. ఇస్తారి అంగీ జేబు తడుముకున్నాడు.

ఇరవై ఆరేళ్ల కిందటి డాక్టరు అడగలేదు గాని, ఈమె తన రూపాయి తాను తీసుకుపోయింది.