కోటిపల్లి రేవు దాటిన మీగడ

గోదావరి మీద మంచు ఇంకా విడలేదు. ఏడో నెల వచ్చిన దగ్గర్నుంచి నీహారికకు తెల్లవారుజాములన్నీ సగం కలలోనే గడుస్తున్నాయి. వీపుకు ఆనుకుని మీగడ గురగురలాడుతోంది. మీగడ అంటే వాళ్ళ తెల్లపిల్లి. కడుపులో బిడ్డ తన్నినప్పుడల్లా ఆ గురగుర కాస్త హెచ్చుతుంది, బిడ్డ సర్దుకుంటుంది, తల్లికి మళ్ళీ కునుకు పడుతుంది. ఈ ఏర్పాటు పిల్లీ బిడ్డా ఎప్పుడు చేసుకున్నారో ఆమెకు తెలియదు గానీ, పిల్లి పక్కన లేని రాత్రి మాత్రం ఆమెకు నిద్ర లేదు.

ఆ రోజు పని చాలా చిన్నది. ముక్తేశ్వరం రేవులో ఏరు దాటించే మొదటి పంటు ఎక్కి కోటిపల్లిలో దిగడం, ఆటోలో రామచంద్రపురం వెళ్ళి డాక్టరమ్మకు చూపించుకోవడం, భోజనాల వేళకు ఇల్లు చేరడం. దాన్ని కాస్తా పాడుచేసింది ఆమె భర్త వెంకటసాయిరాం చేతిలోని ఫోను.

పిల్లి పెంటలో టాక్సోప్లాస్మా అని కంటికి కనిపించని క్రిమి ఉండొచ్చట. కడుపుతో ఉన్నవాళ్ళకు అది కొత్తగా అంటుకుంటే బిడ్డకు ప్రమాదమట. పెంపుడు పిల్లుల్లో మూడింట ఒకదానికి ఎప్పుడో ఒకప్పుడు సోకిన జాడ ఉంటుందట, పచ్చిమాంసం తినే వీధి పిల్లుల్లో ఇంకా ఎక్కువట. సాయిరాం బ్రష్షు నోట్లో పెట్టుకునే లెక్క వేశాడు. వాళ్ళ వీధిలో పిల్లులు సరిగ్గా మూడు. మీగడ ఒకటి, గోడ అవతల మత్తయిగారివి రెండు. అంటే వాటిలో ఒకదానికి ఖాయం. అతను కాలేజీలో లెక్కలు చెబుతాడు. సంభావ్యత పాఠం అతను చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరని పేరు కూడా ఉంది. తండ్రి కాబోతున్న కంగారులో ఆ పాఠం మొత్తం గాలికి పోయింది.

అతని తల్లి అచ్చయమ్మకు ఇందులో సందేహమే కనిపించలేదు. తమ పిల్లి పెరుగన్నం తప్ప ఇంకోటి ముట్టదు. కాబట్టి ఆ జబ్బు పక్కింటిదే. ఆవిడ గోడ దగ్గరకు వెళ్ళి, పోస్టుమాస్టరుగా రిటైరైన మత్తయిగారిని పిలిచి, మీ రెండిట్లో జబ్బు దేనికో కాస్త చెబుతారా అని వీలైనంత మర్యాదగా అడిగింది.

"ఆయ్, అదేవో నాకూ తెలీదండి," అన్నారు మత్తయిగారు. "మీ మీగడ కూడా రోజూ మజ్జానం మా పెరట్లోనే భోంచేస్తుందండి. పరిగె చేపల తలకాయలు."

అచ్చయమ్మ గోడ పట్టుకుంది. "ఉడకబెట్టినవేనాండీ?"

"ఉడికేదాకా ఆగదండి."

ఆ ఒక్క మాటతో మూడు పిల్లులూ సమానమైపోయాయి. పిల్లిని వదిలించుకోవాలంటే ఆ వైపు వాళ్ళకు తెలిసిన ఉపాయం ఒకటే, గోదావరి దాటించడం. నీళ్ళు దాటిన పిల్లికి ఇంటిదారి గుర్తుండదని నమ్మకం. ఎలాగూ పంటు ఎక్కుతున్నారు కాబట్టి మీగడను మామిడిపళ్ళ బుట్టలో పెట్టి మూత కట్టేశారు. మాట రాకూడదని మత్తయిగారు కూడా తన రెండింటినీ బుట్టకెత్తారు. నీహారిక వద్దంది. ఆమె మాట ఎవరికీ వినిపించలేదు, ఎందుకంటే అందరూ ఆమె మంచి కోసమే మాట్లాడుతున్నారు.

అయితే మత్తయిగారి భార్య ఈ సంగతి చర్చి ఆడవాళ్ళ వాట్సాప్‌లో పెట్టింది. అచ్చయమ్మ పూలు కోస్తూ గుడివీధిలో చెప్పింది. అచ్చయమ్మతో సహా వీళ్ళు నలుగురూ రేవు చేరేసరికి పంటు మీద మోటారుసైకిళ్ళ మధ్య గోనెసంచులు, బుట్టలు, ఒక ప్రెషర్ కుక్కర్ అట్టపెట్టె కనిపించాయి. అన్నీ కదులుతున్నాయి. పంటు మంచులోకి జారింది. ఒడ్డు పోయింది, ఆకాశం పోయింది, మిగిలిన తెలుపంతా మ్యావ్ అంటోంది. బుట్ట ఒళ్ళో పెట్టుకున్న నీహారికకు ఏడుపూ వచ్చింది, నిద్రా వచ్చింది.

నడి గోదావరిలో కోటిపల్లి నుంచి వచ్చే పంటు ఎదురైంది. దాని మీదా మూటలే, దాని మీదా మ్యావ్‌లే. అవతలి ఒడ్డువాళ్ళకు కూడా ఫోన్లున్నాయన్నమాట. రెండు పంట్ల జనమూ ఒకరినొకరు చూసి, మర్యాదగా నీళ్ళవైపు తల తిప్పుకున్నారు.

కోటిపల్లి రేవులో సాయిరాం బుట్ట తాడు విప్పబోయాడు. నీహారిక అతని చెయ్యి పట్టుకుంది.

"దీన్ని ఇక్కడ దింపితే నేనూ ఇక్కడే కూర్చుంటానండి," అంది మెల్లగా. "ముందు డాక్టరుగార్ని అడగండి. ఆవిడ వదిలెయ్యమంటే నా చేత్తో నేనే వదిలేస్తాను."

పెళ్ళయ్యాక ఆమె ఇంత పొడుగు మాట అనడం అదే మొదలు. సాయిరాం తాడు మళ్ళీ ముడివేశాడు. మత్తయిగారు మాత్రం బుట్టతో రేవులో ఉండిపోయారు.

డాక్టరమ్మ బుట్టను చూసి ఆశ్చర్యపోలేదు. పొద్దుట్నుంచి అది మొదటిది కాదట. రక్తపరీక్ష చేయించి, రిపోర్టు వచ్చేదాకా వరండాలో కూర్చోబెట్టింది. మీగడ లోపల్నుంచి గురగురలాడుతుంటే, ఆ శబ్దాన్ని ఇదే ఆఖరిసారి వింటున్నానని నీహారిక కళ్ళు మూసుకుని నమ్మేసింది. ఆమెకు భయంగా ఉంది, బిడ్డ కోసమూ, పిల్లి కోసమూ.

"ఈ క్రిమి నీకెప్పుడో వచ్చి పోయిందమ్మా," అంది డాక్టరమ్మ కాగితం చూసి. "పాత జాడే ఉంది, కొత్తగా ఏం లేదు. నీ ఒంటికి దాని ఆనవాలు తెలుసు. బిడ్డకి దిగులక్కర్లేదు."

ఎక్కణ్ణుంచి వచ్చిందని సాయిరాం నీరసంగా అడిగాడు. మట్టిలోంచి రావచ్చు, కడగని కాయలోంచి రావచ్చు అందావిడ. పుట్టిల్లు కపిలేశ్వరపురంలో, గోదావరి లంకతోటలో రాలిన మామిడికాయలను పరికిణీకి తుడుచుకుని తిన్న చిన్నతనం నీహారికకు గుర్తొచ్చింది. పొద్దున మత్తయిగారి పిల్లుల వైపు ఎలా చూసిందో, అచ్చయమ్మ కోడలివైపు సరిగ్గా అలాగే చూసింది. మీగడ ఇంట్లోనే ఉండొచ్చని, దాని పెంట మాత్రం రోజూ భర్తే ఎత్తి చేతులు సబ్బుతో కడుక్కోవాలని డాక్టరమ్మ తీర్పు చెప్పింది.

సాయంత్రం కోటిపల్లి రేవులో మత్తయిగారు పొద్దున కూర్చున్న చోటే ఉన్నారు, బుట్టతో సహా. వదలడానికి మనసొప్పలేదట. నలుగురూ పంటు ఎక్కారు. బుట్టమీద చెంప ఆన్చి నీహారిక అప్పుడే నిద్రపోయింది, ఇంట్లో పడుకున్నంత హాయిగా.

"ఏ పిల్లికని తేలిందండీ?" అని మత్తయిగారు గొంతు తగ్గించి అడిగారు.

"పిల్లుల సంగతి తేలలేదండి," అన్నాడు సాయిరాం. "మా ఆవిడకి తేలింది."

మత్తయిగారు "ఆయ్" అని, తన బుట్టను మర్యాదగా నీహారికకు దూరంగా జరుపుకున్నారు.