అద్దం దిగదు, మరిది తగ్గడు

అక్షరాలు నేను అరవై దాటాక నేర్చుకున్నాను. ఒత్తులు తప్పితే మన్నించండి. ఇంత చిన్న సంగతికి మూడు వారాలు పట్టినందుకు ఇంకోసారి మన్నించండి.

మా మరిదిని అందరూ పట్టుదల అనే పిలుస్తారు. అతని పాత కారుకు అద్దాలు దించాలంటే చేత్తో పిడి తిప్పాలి. అద్దం దిగేలోపు తిప్పినవాడి భుజం దిగేది.

ఒక ఆదివారం ఉదయం, అతని భార్య, అంటే దర్జీపని చేసే నా తోటికోడలు, తేల్చేసింది.

"సాయంత్రంలోగా డ్రైవరు పక్క అద్దం ఒంటిచేత్తో దిగి ఎక్కాలి. లేదంటే ఐదింటికి తుక్కువాడొచ్చి కారు పట్టుకుపోతాడు."

పట్టుదల పరుగున పనిముట్లు తెచ్చుకున్నాడు. భార్య పుట్టింటికి వెళితే వారం ఓర్చుకోగలడు. కారు లేకపోతే పూట ఓర్చుకోలేడు.

"మెకానిక్కుని పిలవరాదూ?"

"నేనుండగా మెకానిక్కా? నువ్వెళ్లి బొత్తాలు కుట్టుకో!"

ఆమె కుట్టుమిషను నూనె కాజేసి, అద్దం జారే రబ్బరు గాడిలో సీసాడూ ఒంపేశాడు. ఏళ్లనాటి దుమ్ము ఆ నూనె తాగి బంకైంది. అద్దం సగం దిగి, అలిగిన అల్లుడిలా ఆగిపోయింది.

పిడి ఊడదీశాడు. తలుపు లోపలి అట్ట ఊడదీశాడు. కన్నంలో చెయ్యి పెట్టి అద్దాన్ని కిందనుంచి ఎత్తబోయాడు. అద్దం కదల్లేదు. చెయ్యి మోచేతిదాకా వెళ్లి ఇరుక్కుంది.

అప్పటికి నాలుగైంది.

"ఏమేవ్! ఒకసారి ఇలా రా."

"మంచినీళ్లా?"

"కాదు. చెయ్యి."

"ఎవరిది?"

"ఇంకెవరిదే? నాదే! తలుపులో ఉంది!"

"అద్దాన్ని పైకి తెమ్మంటే మీరు లోపలికెళ్లారా?"

సబ్బునీళ్లు పోసి చెయ్యి లాగింది. కొలబద్దకు గుడ్డ చుట్టి గాడిలోని బంకంతా తుడిచింది. బిగిసిన జిప్పుకు రుద్దినట్టు గాడికి కొవ్వొత్తి రుద్దింది. లోపలి పళ్లచక్రానికి గ్రీజు పెట్టించి, పిడి బిగించి తిప్పింది. అద్దం దిగింది. ఎక్కింది. ఒంటిచేత్తోనే.

ఐదింటికి పట్టుదల గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. "తుక్కువాడు రానీ, వాడి సంగతి చెప్తా!"

ఐదున్నరైంది. ఆరైంది.

"వాడింకా రాడేమే?"

"పిలిస్తే కదండీ రావడానికి!"

"మరి పొద్దున..."

"తలుపు విప్పి తుడవండని ఏడాదిగా మొత్తుకుంటున్నా. చెప్తే విప్పే రకమా మీరు? ఇంకా మూడు తలుపులున్నాయి. వాటికి ఎవరొస్తున్నారని చెప్పమంటారు?"

పట్టుదల స్క్రూడ్రైవరు తీసుకుని రెండో తలుపు ముందు చతికిలబడ్డాడు.

"ఆ కొలబద్ద ఇలా ఇవ్వు," అన్నాడు, తలెత్తకుండానే.

— రాసింది పెద్దమ్మ. ఇంట్లో అందరూ పిలిచే పేరు అదే. వయసు డెబ్బై రెండు. ఇప్పుడు ఉంటున్నది ఈ మరిది ఇంట్లోనే, కారు షెడ్డు పక్క గదిలో.