పుడ్డింగులో తాతగారి గినీ

మా తాతగారి ఆస్తిలో నా వాటాకి వచ్చినవి రెండు: బట్టతల, ఒక బంగారు గినీ. మూడో జార్జి రాజు బొమ్మ ఉన్న నాణెం. గినీలు వేయడం మానేసి వందేళ్ళు దాటినా, మా హడర్స్‌ఫీల్డ్‌లో డాక్టర్లు ఇప్పటికీ ఫీజు గినీల లెక్కనే అడుగుతారు. చచ్చిన నాణేనికి అంత పలుకుబడి.

ఆ ఏడు బంగారం ధర పెరిగింది. వీధిలో ఆడవాళ్ళంతా పాత నాణేలు పట్టుకుని నగల దుకాణానికి పరుగెత్తారు. మా ఆవిడ విన్నీ మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. కారే మా అద్దె ఇంటి కప్పు గురించి ఇంటాయన్ని నేనే దబాయించి బాగుచేయించాను కాబట్టి, ఆమెకి డబ్బు అవసరమూ కనబడలేదు. అయినా విన్నీ మాట్లాడకపోతే నాకు భయం.

పండగకి నెల ముందే క్రిస్మస్ పుడ్డింగు పిండి కలిపే ఆదివారం వచ్చింది. ఇంట్లో అందరం తలో తిప్పు తిప్పి, మనసులో ఏదో కోరుకుని, ఒక వెండి నాణెం అందులో వేస్తాం. గినీ ఆమె అమ్మకానికి చిక్కకుండా, విన్నీ అటు తిరగగానే అది దాచుకున్న డబ్బాలోంచి తీసి నేనూ వేశాను. పండగనాడు పుడ్డింగు కోసేది ఎలాగూ నేనే.

వారం తిరిగేసరికి వంటింట్లో పుడ్డింగు లేదు. చర్చివాళ్ళు విరాళాల కోసం పెట్టిన అమ్మకానికి ఇచ్చేశాననీ, పక్కింటి మిసెస్ ఆక్రాయిడ్ కొనుక్కుందనీ విన్నీ తీరిగ్గా చెప్పింది.

ఆ ముసలావిడ పండగ దాకా బతుకుతానో లేదోనని అప్పుడే తినడం మొదలుపెట్టింది. తిరిగి కొంటానంటే ఆరా తీస్తుంది. అందుకని రోజూ టీ వేళకి వెళ్ళి, ఆవిడ మోకాళ్ళ నొప్పుల కథ వింటూ, దీపం వెలుగు అవతలికి కనబడేంత పల్చటి ముక్కలు తిన్నాను.

ఆఖరి ముక్కలో కటుక్కుమంది. నోట్లోంచి గినీ వచ్చింది, దాంతోపాటు సగం దవడ పన్నూ వచ్చింది. బంగారమైతే మెత్తన, పన్ను గాటు పడాలి. దానికి గీత కూడా పడలేదు. అది పేకాటలో పందెం కాయడానికి అచ్చం గినీలా, రాజు బొమ్మతో సహా చేసిన ఇత్తడి బిళ్ళ.

"విన్నీ, డబ్బాలో గినీ ఏమైంది?" అన్నాను దవడ పట్టుకుని.

"కప్పు ఎవరు బాగుచేయించారనుకున్నావయ్యా?"

"నేను దబాయిస్తే ఇంటాయన..."

"నువ్వు దబాయించావు. నేను గినీ అమ్మాను. నువ్వు రోజూ తీసి మురుస్తావని మా నాన్న పేకాట పెట్టెలోంచి ఈ బిళ్ళ తెచ్చి పెట్టాను."

తాతగారి నాణెం పోయినందుకు నిజంగానే బాధేసింది. ఇన్నాళ్ళూ ఇత్తడిని చూసి మురిసినందుకు సిగ్గూ వేసింది.

మర్నాడు పళ్ళ డాక్టరు మిగిలిన ముక్క పీకి, అర గినీ అన్నాడు. నేను విన్నీ వైపు చూశాను. కప్పు ఖర్చు పోగా మిగిలిందంటూ ఆమె డబ్బు తీసి బల్లమీద పెట్టింది.

"ఆ బిళ్ళ జాగ్రత్తగా దాచు," అంది దారిలో. "మన మనవడికి ఇద్దువుగాని. బట్టతల ఎలాగూ వస్తుంది."