కోరం గంట

ఆ ఆదివారం భ్రమరాంబగారి కార్యక్రమం సరళమైనది: పదింటికి అతిథులకు కాఫీ, పదిన్నరకు క్లబ్ హౌస్‌లో అపార్ట్‌మెంట్ సంఘం సమావేశం, పన్నెండింటికి పులిహోర. శాసనమండలిలో పన్నెండేళ్లు పనిచేసిన ఆవిడ, ఆ తరువాత కొత్తగా ప్రజాస్వామ్యంలోకి అడుగుపెట్టిన దేశాలకు వెళ్లి, అక్కడి పార్లమెంటు సభ్యులకు సభ నడిపే పద్ధతులు నేర్పారు. అలా శిష్యులైన ఒక ద్వీపదేశపు సభ్యులు ఐదుగురు ఇప్పుడు తెల్లాపూర్‌లోని ఆవిడ ఫ్లాటులో కాఫీ తాగుతున్నారు.

వారిని ఆవిడ ఊరికే పిలవలేదు. పనివాళ్ల లిఫ్టు చెడిపోయి మూడు నెలలైంది. ఫ్లాటువాళ్ల లిఫ్టులు పనివాళ్లు ఎక్కరాదని సంఘం తీర్మానం. పద్నాలుగు అంతస్తులూ ఊడ్చే కొమురమ్మకు మోకాళ్లు వాచిపోయాయి. ఆ లిఫ్టులు ఎక్కనివ్వమని ఆమె పెట్టుకున్న అర్జీ కోరం లేదన్న సాకుతో రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి పడితే ఇక చెల్లదు. పరదేశపు ప్రతినిధుల ఎదుట వాయిదా వేయడానికి సంఘం అధ్యక్షుడు అవినాష్ సిగ్గుపడతాడని ఆవిడ ఆశ.

అవినాష్ సిగ్గుపడలేదు. నూట ఇరవై ఫ్లాట్లకు కోరం నలభై. వచ్చింది పదకొండు మంది.

"కోరం లేదు ఆంటీ. నెక్స్ట్ మంత్ చూద్దాం," అంటూ లేచాడు.

"అధ్యక్షా! ముందు గంట మోగించాలి. పది నిమిషాలు వేచి చూడాలి. ఆ తరువాతే వాయిదా," అన్నారు భ్రమరాంబగారు. ఆవిడ అదే ఇంగ్లీషులోనూ చెప్పగా అతిథులు ఐదుగురూ తలలూపారు. ఆ పాఠం వారికి కంఠతా వచ్చు.

"మోగించుకోండి. సండే మార్నింగ్ ఎవరొస్తారండీ?"

ఆవిడ గుమ్మం దగ్గరున్న వాచ్‌మన్ వైపు తిరిగారు. "ఐలయ్యా, గంట కొట్టు."

"గంటేడిదమ్మా మనకు?"

"ఏదో ఒకటి మోగించవయ్యా! పద్నాలుగో అంతస్తు దాకా వినపడాలి."

పద్నాలుగో అంతస్తు దాకా వినపడేది ఆ ఆవరణలో ఒక్కటే. ఐలయ్య వెళ్లి, గోడమీది ఎర్రడబ్బా అద్దం పగలగొట్టి, మీట నొక్కాడు.

ఫైర్ అలారం మోత ఆకాశాన్ని అంటింది. నడుస్తున్న లిఫ్టులన్నీ వాటంతట అవే కిందికి దిగి, తలుపులు తెరుచుకుని బిగుసుకుపోయాయి. జనం మెట్లమీదుగా వరదలా దిగి క్లబ్ హౌస్‌లోకి చేరారు. ఒకాయన చెంపలనిండా సబ్బు నురగ. ఒకామె చేతిలో ఇడ్లీకుక్కరు. అవినాష్ భార్య ఉమాశ్రీ పాస్‌పోర్టుల సంచీ గుండెకు హత్తుకుని, చెప్పులు లేకుండా వచ్చింది.

అతిథుల్లో ఒకరైన ద్వీపదేశపు ఉపసభాపతి భక్తితో లేచి నిలబడ్డాడు. "మా సభ్యులను క్యాంటీన్‌నుంచి లాక్కురావాలి. ఇక్కడ పరుగెత్తి వస్తున్నారు!" అన్నాడు ఇంగ్లీషులో.

"మంటలెక్కడయ్యా?" అని అరిచాడు నురగాయన.

"మంటల్లేవు సార్. మీటింగుంది," అన్నాడు ఐలయ్య.

"ఫాల్స్ అలారం! అందరూ ఇళ్లకు వెళ్లిపోండి!" అని అవినాష్ చేతులూపాడు.

"ఎట్ల పోతరు సారూ? లిఫ్టులు బంద్ పడ్డయి. మెకానిక్ మూసాపేట నుంచి రావాలె," అన్నాడు ఐలయ్య.

"మెట్లున్నాయిగా!"

"పద్నాలుగు అంతస్తులా?" అంది ఉమాశ్రీ ఇంకా రొప్పుతూనే. "ముందు మీరెక్కి చూపించండి."

మూల నిలబడిన కొమురమ్మకు ఆమెమీద జాలి కలిగింది. "ఫికర్ జెయ్యకమ్మా. నేను దినాం నాలుగుసార్లు ఎక్కుతున్న. ఆరో అంతస్తుల జర కూసుంటే పానం కుదురుకుంటది."

ఉమాశ్రీ కొమురమ్మ వైపు తిరిగి చూసింది. భ్రమరాంబగారు వేలు చాపి తలలు లెక్కపెట్టారు. తొంభై ఏడు.

"అధ్యక్షా, కోరం ఉంది. అర్జీ చదువుతున్నాను."

మొదట లేచిన చెయ్యి ఉమాశ్రీది. ఆమె చూపు తనమీద పడగానే అవినాష్ చెయ్యీ లేచింది. పనివాళ్లు అన్ని లిఫ్టులూ ఎక్కవచ్చునన్న తీర్మానం ఏకగ్రీవమైంది.

"మరి ఐలయ్య సంగతి?" అని అవినాష్ గొణిగాడు.

"మోగించమన్నది నేను. సంజాయిషీ నన్నడగండి," అన్నారావిడ. ఎవరూ అడగలేదు.

ఉపసభాపతి పుస్తకంలో రాసుకుంటూ, "మీ దేశంలో పేదల అర్జీలు ఎప్పుడూ ఇంత అత్యవసరంగా వింటారా?" అన్నాడు.

అబద్ధమాడడం భ్రమరాంబగారికి చేతకాదు. "ఈరోజు విన్నాం," అన్నారు.

కొమురమ్మ హక్కు ఆ క్షణంనుంచే అమలులోకి వచ్చింది. లిఫ్టు మర్నాటి సాయంత్రానికి వచ్చింది.